లోతు తక్కువ, పని ఎక్కువ

కొంపల్లిలో ఉంటూ స్కూబా డైవింగ్ గురించి మాట్లాడితే నవ్వకుండా వినేవాళ్లు తక్కువ. మనకు దగ్గర్లోని పెద్ద నీళ్లంటే శామీర్‌పేట లాంటి చెరువులే. సముద్రం కావాలంటే బాపట్ల దాకా రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అక్కడా ఇసుకే తప్ప పగడపు దిబ్బలుండవు. అయినా ఈ విద్యకు ఓనమాలు ఈతకొలనులోనే దిద్దుకోవచ్చు. రెగ్యులేటర్‌తో గాలి పీల్చడం, మాస్క్‌లోకి నీరొస్తే ముక్కుతో ఊది వెళ్లగొట్టడం, మునగకుండా తేలకుండా నీళ్ల మధ్య నిలవడం. మొదటి రెండూ ఒకట్రెండు పూటల్లో వస్తాయి. మూడోదానికి ఏళ్లు పడుతుంది.

లోతు తక్కువైన చోట అది మరీ కష్టం. తిరకాసుగా అనిపిస్తుంది గానీ లెక్క సూటిగానే ఉంది. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు కాబట్టి తేలడానికి తొడుక్కునే జాకెట్‌లోని గాలి సగానికి కుదించుకుపోతుంది. అదే 20 నుంచి 30 మీటర్లకు దిగితే మూడో వంతున్నది నాలుగో వంతవుతుంది, అంతే. గాలి మనతో ఆటలాడేదంతా ఆ పై 10 మీటర్లలోనే. నిండా ఊపిరి తీస్తే లేస్తాం, వదిలితే దిగుతాం. అదీ వెంటనే కాదు, కాస్త ఆగి. ఆ ఆలస్యాన్ని ముందే అంచనా వేసుకుని పీల్చాలి. పైగా కొలనులో సరిపోయిన సీసం బరువులు ఉప్పునీళ్లలో చాలవు, ఇంకో రెండు కిలోలదాకా కట్టాల్సి వస్తుంది.

ఇంత తంటా ఎందుకంటే, చూడదగ్గ చిన్న ప్రాణులన్నీ ఆ వెలుతురు నీళ్లలోనే ఉంటాయి. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో (2018 దాకా హేవ్‌లాక్) నెమో రీఫ్‌కి ఒడ్డు నుంచే నడిచి దిగొచ్చు. దారిలో శ్రీ విజయపురంలో (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) తెలుగుకి కొరతుండదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకారులు అక్కడ ఎందరో. ‘ఏటి బాబూ, ఏ ఊరు మీది?’ అని పలకరిస్తే సగం బడలిక తీరిపోతుంది.

దిబ్బ అంచున ఇసుకలో ఒక బొరియ. లోపల్నుంచి చిటికెన వేలంత రొయ్య బుల్డోజరులా ఇసుక తోసుకొస్తుంది. దానికి చూపు బాగా తక్కువ. గుమ్మంలో ఒక గోబీ చేప కాపలా ఉంటుంది. రొయ్య బయటికొచ్చినంతసేపూ ఒక మీసం ఆ చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. మన నీడ పడితే చేప తోక చిన్నగా అదురుతుంది, రొయ్య వెనక్కి. ఇంకాస్త దగ్గరికెళితే చేపా తలకిందులుగా లోపలికి. మళ్లీ రావాలంటే కదలకుండా ఉండాలి, బుడగలు కూడా మెల్లగా వదలాలి. చేతులాడిస్తూ నీళ్లలో ఈదేవాడికి ఈ కాపురం జన్మలో కనబడదు.

అందుకే ఇన్‌స్ట్రక్టర్ సిలిండర్ పట్టుకుని తిప్పే వీడియో ప్యాకేజీల మీద నాకు పెద్ద గౌరవం లేదు. భయం పోగొట్టడానికి పనికొస్తాయి, అంతవరకే. బొటనవేలు పైకెత్తి నవ్వే ఫొటోలో ఆ రొయ్య ఎక్కడుంటుంది? (అసలు బొటనవేలు పైకెత్తితే డైవర్ల సైగల్లో ‘పైకి పోదాం’ అని.)

ఇక కాళ్లకు తొడిగే ఫిన్ సంగతి. గుండ్రటి బండల్లా పెరిగే పోరైటిస్ పగడం ఏడాదికి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. నిలకడ తప్పి ఒక్క తాపు తగిలితే పైనున్న జీవపు పొర చిట్లుతుంది. ఎండలు ముదిరి నీళ్లు వేడెక్కినప్పుడు ఇవి తమలోని శైవలాలను వదిలేసి తెల్లబడతాయి. 2010లో అండమాన్‌లో అదే జరిగింది. తెల్లబడి అవస్థపడుతున్న దిబ్బ మీద మన పాదం కూడానా?

వరసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదంటారు. హైదరాబాద్‌కి టికెట్ తీసుకునేటప్పుడు ఆ రోజు ఖాళీగా వదలడానికి చాలామందికి మనసొప్పదు. నాకైతే నీళ్లలో పలక మీద పెన్సిల్‌తో గీసుకొచ్చిన పిచ్చిగీతల్ని పుస్తకంలోని బొమ్మలతో పోల్చుకోవడానికి ఆ ఒక్కరోజూ చాలదు.