ఒక గది, ఒక ఇల్లు

విదేశం వెళ్తున్నామని తెలియగానే రెండు జాబితాలు మొదలవుతాయి. చూడాల్సిన చోట్లు, పలకరించాల్సిన మనుషులు. రెండింటినీ ఒకే రోజులో ఇరికించి, స్నేహితుడి చేత సెలవు పెట్టించి, అతని కారులో ఊరంతా చుట్టి రావడం మనలో చాలామందికి అలవాటు. నాకది నచ్చదు. లండన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు టవర్ బ్రిడ్జిని తమకోసం ఒకసారి చూస్తే, చుట్టాల కోసం పదిసార్లు చూసి ఉంటారు. పదకొండోసారి మనకు ఫొటోలు తీస్తున్న మనిషితో ఏం మాటలు సాగుతాయి? పార్కింగ్ టైమ్ అయిపోతోందని అతని ధ్యాస, ఇంకా రెండు చూడలేదని మన ఆత్రం.

అందుకే నా లెక్క వేరు. పగలు ఊరికి, సాయంత్రం స్నేహితుడికి. పగలు కూడా ఒక్క చోటే. మిగతావన్నీ నడిచే దారిలో తగిలితే చూస్తాను, లేకపోతే లేదు. ఇలా చేయడానికి లండన్‌లో జూన్ నెల మంచిది. రాత్రి తొమ్మిది దాటితే గానీ పొద్దు గుంకదు. డిసెంబరులో అయితే నాలుగింటికే చీకటి. అప్పుడు వెళ్లేవాళ్లు ఎక్కువ ఆశలు పెట్టుకోకపోవడం మేలు.

మొన్నటి ప్రయాణంలో ఆ ఒక్క చోటు బ్రిటిష్ మ్యూజియం. అదీ మొత్తం కాదు, 33ఏ నంబరు గది మాత్రమే. 1759 నుంచి జనం వస్తున్న ఆ మ్యూజియానికి టిక్కెట్టు లేదు. కాబట్టి డబ్బులిచ్చాం కదా అని అన్ని గదులూ తిరగాల్సిన పని ఉండదు. కింద రొసెట్టా రాయి చుట్టూ తిరునాళ్ల జనం. వాళ్లను తప్పించుకుని చైనా, దక్షిణాసియా వస్తువులున్న పొడవాటి హాలు చివరికి వెళ్తే, అద్దాల గోడ వెనక మన అమరావతి స్తూపం రాళ్లు.

లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి. ఆ రాయి మెత్తన కనుకే కంకణాల వరసలూ తలపాగాల ముడులూ అంత సన్నగా చెక్కగలిగారు. మెత్తన కనుకే త్వరగా చెడిపోతుంది కూడా. అందుకే గాలిలో చెమ్మ అదుపులో ఉండేలా గది కట్టి అందులో పెట్టారు. ఆ గది తెరిచింది 1992లో. అంతకుముందు ఈ రాళ్లు పడ్డ పాట్లు చెప్పాలంటే ఇంకో కాలమ్ కావాలి. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టుకుంటూ దిబ్బ తవ్విస్తే రాళ్లు బయటపడ్డాయి. 1798లో కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చాడు. అక్కడ ఏళ్ల తరబడి ఎండలో వానలో పడి ఉండి, 1859లో ఓడెక్కాయి. లండన్ చేరాక కూడా కొన్నిటిని గుర్రపుశాలలో పడేశారు. అవి అక్కడున్నాయని 1860లలో జేమ్స్ ఫెర్గుసన్ పట్టుకున్నాడు. 1880లో గానీ ఈ మ్యూజియంలోకి రాలేదు. వీటి న్యాయమైన చోటు ఎక్కడన్నది తేల్చడానికి నేను కూర్చోలేదు. కృష్ణ ఒడ్డునే ఉండాలని నా మనసులో ఉన్న మాట మాత్రం దాచను.

గదిలో నేను ఎక్కువసేపు నిలబడింది ఒక్క పలక ముందు. ఒకవైపు క్రీస్తు పూర్వం చెక్కింది: బోధి చెట్టు, కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న మనుషులు. బుద్ధుడు కనిపించడు. మూడో శతాబ్దంలో ఎవరో అదే పలకను తిరగేసి, వెనకవైపు స్తూపాన్నే చెక్కారు. సింహాలున్న ద్వారం, దాని పైన వరసగా అయిదు స్తంభాలు. అమరావతి స్తూపం ఎలా ఉండేదో ఇవాళ మనం ఊహించుకోగలుగుతున్నామంటే ఇలాంటి పలకల పుణ్యమే. రాయి దండగ కాకూడదనుకున్న ఆ పొదుపరి శిల్పి నాకు బాగా నచ్చాడు.

ఇంకెవరైనా వెంట ఉంటే అంతసేపు నిలబడనిచ్చేవారు కాదు.

మధ్యాహ్నం దారిలో తగిలింది టావిస్టాక్ స్క్వేర్. మ్యూజియం నుంచి పది పన్నెండు నిమిషాల నడక. 1968లో పెట్టిన గాంధీ విగ్రహం పద్మాసనంలో ఉంటుంది. పీఠంలో పూలు పెట్టడానికి ఒక తొర్ర ఉంది. అదే తోటలో హిరోషిమా మృతుల కోసం నాటిన చెర్రీ చెట్టు, యుద్ధంలో తుపాకీ పట్టనన్నవాళ్ల కోసం పెట్టిన బండరాయి. బెంచీ మీద శాండ్‌విచ్ తింటూ ఒక గంట గడిపాను. కాళ్లకు ఆ గంట అవసరం.

స్నేహితుడి ఇల్లు ఈస్ట్ హామ్‌లో. వారం మధ్య రోజు. సెలవు పెడతానని ఫోన్లో బలవంతం చేశాడు. “పెడితే రానురా” అన్నాను. ఆరున్నరకు వాడు ఆఫీసు నుంచి, నేను మ్యూజియం వైపు నుంచి, స్టేషను బయట కలుసుకున్నాం. చేతి సంచిలో ఆవకాయ, కందిపొడి. పాల పదార్థాలు, మాంసం బ్రిటన్‌లోకి తేనివ్వరు. పాలకోవా, చికెన్ పచ్చడి మోసుకెళ్లేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే ఎయిర్‌పోర్టులో పెట్టె విప్పాల్సిన పని తప్పుతుంది.

వాళ్లమ్మగారు ఆరు నెలల వీసా మీద వచ్చి ఉన్నారు. అమరావతికి కూతవేటు దూరంలోని పల్లె వాళ్లది. నేత చీర, పైన జాకెట్టు, కాళ్లకు స్పోర్ట్స్ షూ. వంటయ్యేలోగా హై స్ట్రీట్ నార్త్‌కు తీసుకెళ్లింది ఆవిడే. మునక్కాయలు ఏ కొట్లో లేతవో, ఏ కొట్టువాడు తూకంలో మోసం చేస్తాడో, మహాలక్ష్మి గుళ్లో హారతి వేళ ఏమిటో, సెంట్రల్ పార్కులో ఏ బెంచీకి సాయంత్రం ఎండ తగులుతుందో ఆవిడ నోట విన్నాను. ఆవిడ చూపించిన ఈస్ట్ హామ్ ఏ గైడు పుస్తకంలోనూ లేదు. కొడుకు సెలవు పెట్టి ఉంటే మేమిద్దరం ఆ వేళకి గ్రీనిచ్‌లో మెరిడియన్ గీత మీద చెరో కాలు వేసి ఫొటో దిగుతూ ఉండేవాళ్లం.

వారం మధ్యలో వెళ్తే పప్పు, ఒక వేపుడు చాలని ముందే చెప్పాలి. తొమ్మిదిన్నరకల్లా లేవాలి. పిల్లలకు పొద్దున బడి, ఇంటివాళ్లకు ఉద్యోగాలు. నేను లేవబోతుండగా పెద్దావిడ అడిగారు.

“పగలంతా ఏం చూశావు బాబూ?”

చెప్పాను. ఫోనులో ఫొటోలు చూపించాను. స్తూపం పలక దగ్గర ఫోను చేతిలోకి తీసుకున్నారు.

“మా అమరావతిదా? కార్తీకంలో అక్కడ స్నానాలు చేశాం, అమరేశ్వరుణ్ని చూశాం గానీ, ఇది ఇక్కడుందని ఎవరూ చెప్పలేదే.” కొడుకు వైపు తిరిగారు. “మైనం బొమ్మల దగ్గరికి అంత డబ్బు పోసి తీసుకెళ్లావు. దీనికి టిక్కెట్టు ఎంతట?”

“ఉచితం అత్తయ్యగారూ” అన్నాను నేను. “శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది. ఆఫీసు నుంచి మీవాడు నేరుగా అక్కడికి వచ్చేయొచ్చు.”

“వాడొచ్చేదాకా నేనెందుకు కూర్చోవాలి?” అని కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టారు. పెద్ద అక్షరాలతో రాశాను: పచ్చ గీత రైలు వద్దు, అదే ప్లాట్‌ఫాం మీదికి వచ్చే గులాబి గీత రైలు ఎక్కాలి. యూస్టన్ స్క్వేర్‌లో దిగాలి. గవర్ స్ట్రీట్ పట్టుకుని తిన్నగా పావుగంట నడక. ఆవిడ చదివి, కింద తనే ఇంకో ముక్క చేర్చుకున్నారు: గది నంబరు 33ఏ.