మిద్దె మీద దిండుకు ఎంత ఎండ కావాలి?

తిరుపతిలో ఈమధ్య కట్టే ఇళ్లలో మిద్దె మీద ఊయల, దాని మీద రెండు దిండ్లు, పక్కన కేన్ కుర్చీలు తప్పనిసరి అయ్యాయి. పొద్దుగూకే వేళ శేషాచలం వైపు నుంచి గాలి వీస్తుంటే అక్కడ కూర్చోవడం నిజంగా హాయి. అయితే రెండేళ్లు తిరక్కముందే ఆ దిండ్లు రంగు వెలిసి, మూలల్లో నల్లమచ్చలు పడి, ముక్క వాసన కొడతాయి. ఇంటివాళ్లు గుడ్డ నాసిరకమని తేల్చేస్తారు. చాలాసార్లు తప్పు గుడ్డది కాదు, ఉతికి ఆరేసిన తీరుది.

ఈ ఊరి వాతావరణం మెతకది కాదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు. మిగతా రోజుల్లో దుమ్ము. ఆ దుమ్ము మీద నేరుగా నీళ్లు పోస్తే అది బురదై పోగుల్లోకి దిగిపోతుంది. అందుకే ముందు దులపాలి, కుచ్చుల్లో, కుట్ల వెంట బ్రష్‌తో గీకాలి. నీళ్ల సంగతి ఆ తర్వాత.

నీళ్లలోనూ తేడా ఉంది. కల్యాణి డ్యామ్ నీళ్లు వచ్చే వీధిలో ఒకలా, బోరు మీద బతికే వీధిలో ఒకలా ఉతుకు పడుతుంది. బోరునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టులా విరిగి గుడ్డకే అంటుకుంటాయి. తెల్లటి గలేబు బూడిదరంగుకు తిరగడం, గుడ్డ బిరుసెక్కడం దానివల్లే. ఉప్పునీళ్లకు సబ్బుబిళ్ల కన్నా ద్రవరూపంలో దొరికే డిటర్జెంట్ మేలు. కడసారి జాడింపుకైనా రెండు బకెట్ల మంచినీళ్లు కేటాయించాలి.

నీళ్లకూ ఎండకూ గుడ్డతో ఉన్న సంబంధం ఎవరికి బాగా తెలుసని అడిగితే శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ల పేరు చెప్పాలి. 1957లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టి, కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో ఆ విద్యను మళ్లీ నిలబెట్టారు. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. నూలుగుడ్డను కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాలల్లోని కొవ్వు రంగును పాకనివ్వదు. బెల్లం, ఇనుపముక్కలు పులియబెట్టిన కసింతో గీత గీస్తే, కరక్కాయ వగరు తగిలి ఆ గీత నల్లబడుతుంది. పటిక రాసిన చోట ఎరుపు పట్టుకుంటుంది. నడుమ నడుమ ఉతకడం కూడా ఈ విద్యలో భాగమే. పారే నీళ్లలో జాడిస్తే అదనంగా ఉన్న పటిక కొట్టుకుపోతుంది, నిలవనీళ్లలో ముంచితే అదే తిరిగి వచ్చి అక్కర్లేని చోట అంటుకుంటుంది. స్వర్ణముఖి పారినన్నాళ్లు వాళ్ల పని ఆ నీళ్లను నమ్ముకునే సాగింది. ఎండను కూడా వాళ్లు పనిముట్టుగానే వాడతారు. తడిగుడ్డను పరిచి, ఆరుతుంటే మళ్లీ నీళ్లు చిలకరిస్తూ నేలరంగును తెల్లబరుస్తారు.

అంత పని జరిగిన గుడ్డను ఊయల దిండుకు తొడిగి మిద్దె మీద వదిలేయడం అన్యాయం. తెల్లబరిచే ఆ ఎండే అక్కడ కరక్కాయ పువ్వు పసుపును అన్నిటికన్నా ముందు తినేస్తుంది. మరకకు నిమ్మకాయ రుద్దే అలవాటు ఇక్కడ ఇంకా ప్రమాదం. పులుపు తగిలితే ఇనుముతో పుట్టిన నలుపు కరిగిపోతుంది. చేత్తో వేసిన కలంకారీ గలేబులు వసారాలోనే ఉండాలి. మురికైతే కుంకుడు రసంతో చన్నీళ్లలో జాడించి నీడన ఆరేయాలి.

బయట ఉండాల్సిన గుడ్డలు వేరే ఉన్నాయి. అమెరికాలోని గ్లెన్ రేవెన్ కంపెనీ 1961లో సన్‌బ్రెల్లా పేరుతో ఆక్రిలిక్ గుడ్డ తెచ్చింది. అందులో పోగు తీయకముందే ముడిపదార్థంలో రంగు కలిపేస్తారు, కాబట్టి ఎండ దాన్ని అంత సులువుగా లాగలేదు. బూజు పడితే పలచటి బ్లీచు నీళ్లతో కడగవచ్చని తయారీదారులే చెబుతారు. ఆ మాట నమ్మి మామూలు రంగు నూలు మీద బ్లీచు పోస్తే ఒక్క ఉతుకుతో దాని పని అయిపోతుంది. కొనేటప్పుడే ఏ గుడ్డో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక లోపలి సరుకు. బూరుగు దూది పోగు మీద సహజంగానే మైనంలాంటి పూత ఉంటుంది, నీటిని తోసేస్తుంది. ఒకప్పుడు ఓడల్లో ప్రాణరక్షక జాకెట్లు ఈ దూదితోనే నింపేవారు. అలాంటి దిండును బకెట్‌లో ముంచి పిసికితే దూది ఉండలు కట్టి మళ్లీ పొంగదు. దానికి ఉతుకు వద్దు. పొద్దుటి ఎండ, రెండువైపులా నాలుగు తట్లు చాలు. ఫోమ్ అయితే నీళ్లను కడుపునిండా తాగుతుంది. మెలిపెట్టి పిండితే చిరుగుతుంది కాబట్టి అరచేతులతో అదిమి, నిలువుగా గోడకు ఆనించి ఆరనివ్వాలి.

2021 నవంబరు వరదల్లో తిరుపతిలో ఎన్నో ఇళ్ల పరుపులు, దిండ్లు నీళ్లపాలయ్యాయి. ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే తడిసిన దూదిలో బూజు మొదలవుతుంది, ఒకసారి లోపల పట్టాక పైన ఎంత ఉతికినా పోదు. మురుగు కలిసిన వరదనీరు తాగిన దిండును దాచుకోకుండా పారేయడమే ఆరోగ్యం.

ఎప్పుడు శుభ్రం చేయాలన్నదానికి కొండమీద చక్కటి పద్ధతి ఉంది. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ నాలుగింటికీ ముందు వచ్చే మంగళవారం తిరుమల ఆలయంలో కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం చేస్తారు. మూలవిరాట్టును వస్త్రంతో కప్పి, గోడలూ పైకప్పూ పూజసామగ్రీ కడిగి, నామకోపు, కిచిలిగడ్డ, గంధం, కర్పూరం కలిపిన పరిమళం పూస్తారు. ఆ సందర్భంలోనే భక్తులు కొత్త పరదాలు సమర్పిస్తారు. మురికి కనబడేదాకా ఆగరు, ఆ మంగళవారం రాగానే పని మొదలవుతుంది. ఇంటి దిండ్లకూ ఇలాంటి గడువు పెట్టుకుంటే సగం గొడవ తీరుతుంది. ఉగాది ముందు ఒకటి, దసరా ముందు ఒకటి అనుకున్నా చాలు.

ఈసారి ముసురు పట్టకముందే జిప్పు తీసి గలేబులు ఉతకండి, రంగువైతే తిరగేసి ఆరేయండి. తిరిగి తొడిగే ముందు లోపలి ఫోమ్ మీద అరచెయ్యి వేసి చూడండి. ఇంకా చల్లగా తగిలితే మరో పూట ఎండలో ఉంచండి.