ఎండ వేడిమి వేరు, సౌరవిద్యుత్తు వేరు

విజయవాడ వంటి ఎండల ఊరికి విద్యుత్తు కొరత యేల యని వాదించువారు పెక్కురు కలరు. ఊరెంత వేడెక్కిన అంత విద్యుత్తు లభించునని వారి తాత్పర్యము. ఈ వాదములో సగము మాత్రమే సత్యము.

భారతదేశములో అధికభాగమునకు చదరపు మీటరుకు దినమునకు 4 మొదలు 7 కిలోవాట్-గంటల సౌరశక్తి లభించుచున్నది. విజయవాడలో ఒక కిలోవాటు సౌరఫలకములు సగటున దినమునకు సుమారు 4 యూనిట్లు ఇయ్యగలవు. ఇది అల్పము కాదు.

పొరపాటెల్ల వేడిమిని వెలుతురుగా భ్రమించుటలో నున్నది. సిలికాన్ ఘటములో ఎలక్ట్రాన్లను విడిపించునది కాంతి. వేడిమి పెరిగినకొలది ఘటపు వోల్టేజి తగ్గును. ఫలకముపై ముద్రించిన సామర్థ్యము ఘటము 25 డిగ్రీల సెంటిగ్రేడున నున్నప్పటిది. రోహిణీకార్తె మధ్యాహ్నమున మిద్దెపై ఘటము 65 డిగ్రీలకు చేరవచ్చును. డిగ్రీకి 0.4 శాతము చొప్పున, ఆ 40 డిగ్రీల హెచ్చునకు 16 శాతము నష్టము. చలిసీమయైన లడఖ్ సౌరశక్తికి పేరొందుటలో వింత లేదు: అచ్చట గాలి పలుచన, ఆకాశము నిర్మలము, ఘటము చల్లన. మన ఊళ్లలో ఫలకములకు, మిద్దెకు నడుమ గాలియాడ నెడము విడుచుట అందుకే అవసరము.

రెండవ లోపము వేళను మరచుట. 3 కిలోవాట్ల ఫలకములు పగలు 12 యూనిట్లు ఇచ్చుననుకొందము. రాత్రి యెనిమిది గంటలు నడచు ఎయిర్ కండిషనరు ఇంచుమించు 10 యూనిట్లు కోరవచ్చును. బిల్లులో ఈ రెండంకెలు సరిపోవచ్చును గాని, రాత్రి వాడు విద్యుత్తు రాత్రియే పుట్టవలెను; లేదా బ్యాటరీలో నిలువయుండవలెను. లేనిచో ఇబ్రహీంపట్నములోని బొగ్గు విద్యుత్కేంద్రము వంటివే దిక్కు.

మూడవది చోటు. కిలోవాటుకు సుమారు 10 చదరపు మీటర్ల నీడలేని మిద్దె కావలెను. ఇరువది కుటుంబముల భవనమునకు మిద్దె ఒక్కటే; అందులోనే నీళ్లతొట్టి, మెట్లగది.

2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము కోటి యిండ్లను లక్ష్యముగా గొన్నది. అప్పు చేసి ఫలకములు పెట్టించు గృహస్థునకు సూర్యుని పొగడ్తకంటె సరియైన లెక్క మేలు. ఉపాధ్యాయులు విద్యార్థులచే పాఠశాల మిద్దెను కొలిపించి, ఉదయము 9 నుండి 3 గంటల వరకు నీడపడు భాగమును గుర్తింపజేసి, మిగిలిన వైశాల్యమును 10చే భాగింపజేసిన చాలును. ఆ మిద్దె యెన్ని కిలోవాట్లను భరింపగలదో బాలురకు, బాలికలకు అప్పుడే తెలియును.