ఫోన్ నెంబరు గడి ఖాళీ

పోచంపల్లి దగ్గర ఓ చేనేత ఇంట్లో అట్ట చిరిగిన పొడవాటి పుస్తకం ఒకటుంది. అత్తగారి కాలం నాటిది. ఎవరికి ఏ చీర వెళ్లింది, బయానా ఎంత ఇచ్చారు, ఇంకా ఎంత రావాలి, ఏ ఊరు, ఏ నెంబరు అన్నీ అందులో ఉన్నాయి. ఖమ్మం టీచరమ్మ ఒకామె పేరు పదకొండు చోట్ల కనిపిస్తుంది. మొదట ఆమె పెళ్లికి, తర్వాత ఆడబిడ్డ సీమంతానికి, ఆ తర్వాత కూతురి ఓణీల ఫంక్షన్‌కి. ఇప్పుడు ఆ పుస్తకం కోడలి చేతికొచ్చింది. ఆమె రెండేళ్లుగా ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. ఆ బేరాల పేజీల్లో ఆర్డరు నెంబరు, ధర, కమిషన్ కింద పోయింది ఎంత అన్నది వరసగా ఉంటాయి. ఫోన్ నెంబరు గడి మాత్రం పైనుంచి కిందిదాకా ఖాళీ.

ఆ గడి నింపబోయిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. దసరా ముందు న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఓ అమ్మాయి మెసేజ్ పెట్టింది. "అక్కా, చీర చాలా బాగుంది. మా అత్తమ్మ షష్టిపూర్తికి కావాలి. అంచు ఇదే ఉంచి ఒంటి రంగు కొంచెం ముదురు చేసిస్తారా? ఫోన్లో రంగు సరిగ్గా తెలుస్తలేదు." ఈమె వెంటనే జవాబు రాసింది. "చేసిస్తం మేడమ్. రంగేసిన నూలు వీడియోలో చూపిస్త, మీ వాట్సాప్ నెంబరు పెట్టండి." మెసేజ్ పోలేదు. సంప్రదింపు వివరాలు అడగడం నిబంధనలకు విరుద్ధమంటూ ఎర్రక్షరాలు వచ్చాయి. అంకెలు రాయకపోతే సరిపోతుందేమోననుకుని తన నెంబరునే తొమ్మిది, ఎనిమిది అంటూ అక్షరాల్లో పంపింది. ఆ సాయంత్రమే ఆమె దుకాణం పరిశీలనలోకి వెళ్లింది. మూడు రోజుల పాటు ఆమె చీరలు ఎవరికీ కనిపించలేదు. ఏడాదంతా ఎదురుచూసే పండగ బేరంలో మూడు రోజులు! కమిషన్ ఎగ్గొట్టాలన్న ఆలోచనే ఆమెకు లేదు. నూలు రంగు చూపించాలనుకుంది, అంతే.

పెద్ద ఆన్‌లైన్ సంతల్లో చాలావాటికి ఇలాంటి నిబంధన ఉంది. 1995లో పియర్ ఒమిడ్యార్ ఈబే మొదలుపెట్టినప్పుడు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ నేరుగా ఈమెయిళ్లు రాసుకునేవారు, చెక్కులు పోస్టులో పంపుకునేవారు. 2017కి వచ్చేసరికి అదే ఈబే సరుకు వివరాల్లో ఫోన్ నెంబరు, ఈమెయిలు పెట్టకూడదంది. తమ సైటులో పరిచయమైన వాళ్లు బయట బేరం కుదుర్చుకోవడానికి నెంబర్లు ఇచ్చిపుచ్చుకుంటే, సైటులో అమ్మకం జరగకపోయినా ఫీజు వేయొచ్చని కూడా రాసుకుంది. అమెజాన్‌లో కొన్నవారి అసలు ఈమెయిలు అమ్మేవారికి కనిపించదు, కంపెనీ తయారుచేసిన మారు చిరునామా కనిపిస్తుంది. కొనేవాళ్లను వేరే సైటుకు మళ్లించే లింకులు అక్కడ నిషేధం. చేతిపనులకు పేరుపడ్డ ఎట్సీ కొంచెం నయం. అడిగిన కొలతకు, అడిగిన రంగుకు విడిగా ఒక లిస్టింగ్ పెట్టి అమ్మే వీలు అక్కడ ఉంది. ఫీజు ఎగవేత నియమం మాత్రం అక్కడా గట్టిదే. 2022 ఏప్రిల్‌లో లావాదేవీ ఫీజును 5 నుంచి 6.5 శాతానికి పెంచినప్పుడు వేల మంది చేతిపనివాళ్లు వారం రోజులు దుకాణాలు మూసి సమ్మె చేశారు.

కంపెనీల వైపు న్యాయం లేదని అనడం తప్పు. సైటు కట్టింది వాళ్లు, ప్రకటనలకు ఖర్చుపెట్టింది వాళ్లు. ఎడిసన్ అమ్మాయికి పోచంపల్లి ఇంటిని చూపించిందీ వాళ్లే. చూపించిన మరుక్షణం ఇద్దరూ పక్కకెళ్లి మాట్లాడుకుంటే వాళ్లకు దక్కేదేమీ ఉండదు. మోసాల సంగతి ఇంకా పెద్దది. "సైటులో వద్దు, ఈ నెంబరుకు డబ్బు కొట్టండి, తక్కువకిస్తా" అని నమ్మించి మాయమయ్యేవాళ్లు వేలల్లో ఉన్నారు. డబ్బు బయట కట్టాక సైటు వాపసు హామీ పనిచేయదు. అమ్మేవాళ్లలోనూ ఆడవాళ్లు చాలామంది తమ నెంబరు ఊరందరికీ తెలియకపోవడమే మేలనుకుంటారు. అర్ధరాత్రి కాల్స్ అందుకున్నవాళ్లకు ఆ విలువ తెలుసు.

కానీ చేనేత అమ్మకం సబ్బుబిళ్ల అమ్మకం లాంటిది కాదు. పోచంపల్లి ఇక్కత్‌లో గుడ్డ నేశాక రంగు వేయరు. నూలునే ఆసు పోసి, డిజైను ప్రకారం చిటికీలు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గమెక్కిస్తారు. ఆసు అంటే ఎంత చాకిరీయో తెలుగువాళ్లకు తెలిసింది చింతకింది మల్లేశం కథతో. ఒక్క చీరకు దారాన్ని మేకుల చుట్టూ సుమారు 9 వేల సార్లు తిప్పాలి. రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆయన 1999లో ఆసు యంత్రం తయారుచేసి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం వచ్చినా చిటికీ కట్టేది చేత్తోనే, రంగు చూసేది కంటితోనే. రంగులోంచి తీసిన నూలు తడిగా ఉన్నప్పుడు ఒకలా, నీడన ఆరాక మరోలా కనిపిస్తుంది. ఒకసారి ముదురు రంగు పట్టిన నూలును మళ్లీ లేతగా మార్చడం కష్టం. అందుకే మగ్గమెక్కకముందే కొనేవాళ్లకూ నేసేవాళ్లకూ మధ్య ఆ మాట తేలిపోవాలి. దుకాణంలో అయితే చీర మడత విప్పి, గుమ్మం దగ్గర ఎండలోకి పట్టి చూపించే పని అది. దాన్ని నాలుగు వాక్యాల మెసేజ్ పెట్టెలో, ఒక ఫోటో జతచేసి తేల్చుకోమంటోంది నిబంధన.

చట్టం చూపు ఇంకోవైపు ఉండటం ఈ వ్యవహారంలో ఆలోచించాల్సిన విషయం. మన దేశంలో 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, అమ్మేవారి వ్యాపారం పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నెంబరు కొనేవాళ్లకు స్పష్టంగా చూపించాలని సైట్లకు చెప్పాయి. కొన్నాక రాతపూర్వకంగా అడిగితే, వివాదం తేల్చుకోవడానికి అమ్మేవారి ఈమెయిలు, వెబ్‌సైటు వివరాలూ ఇవ్వాలి. ప్యాకేజీ సరుకుల మీద ఫిర్యాదుకు ఫోన్ నెంబరు ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు అంటాయి. అమెరికాలో 2023 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన ఇన్‌ఫామ్ చట్టం, ఒక సైటులో ఏటా 20 వేల డాలర్లు, అంతకుమించి అమ్మేవాళ్ల సంప్రదింపు వివరాలు కొనేవాళ్లకు తెలియాలంటోంది. అంటే నెంబరు తెలియడం కొనేవాళ్ల రక్షణ అని చట్టసభలు అనుకున్నాయి. అదే నెంబరును నేతగత్తె తన చేత్తో రాస్తే తప్పవుతోంది.

ఈ బాధ చేతిపనివాళ్లకే పరిమితం కాదు. ఫుడ్ యాప్‌లు కస్టమర్ల వివరాలు వండేవాళ్లకు కనిపించకుండా దాచేస్తున్నాయని రెస్టారెంట్ల జాతీయ సంఘం 2021లో పోటీ కమిషన్‌కిచ్చిన ఫిర్యాదులో చెప్పుకుంది. వండేవాడికి తినేవాడెవరో తెలియకపోతే, ఉప్పెక్కువైందన్న మాట కూడా రేటింగ్ చుక్కల రూపంలోనే అందుతుంది.

పరిష్కారం మరీ దూరంలో లేదు. బేరానికి ముందు నెంబరు దాచండి, మోసాలు ఆగుతాయి. డబ్బు సైటులోనే కట్టాక, కొన్నవాళ్లు సరేనంటే, ఆ ఆర్డరు వరకు ఇద్దరి మధ్యా దారి తెరవండి. కమిషన్ అప్పటికే ముట్టింది కదా. వీడియోలో రంగు చూపించే సౌకర్యం సైటులోనే పెడితే ఇంకా మంచిది. ఫిల్టరు తప్పు పట్టినప్పుడు దుకాణం మూసేలోపే ఒక మనిషి ఆ సంభాషణ చదవాలి. ఎడిసన్ మెసేజ్‌ను ఎవరైనా చదివుంటే అక్కడ షష్టిపూర్తి, ముదురు రంగు తప్ప ఇంకేం కనిపించేది కాదు.

ఆ చీర చివరికి సైటులోనే అమ్ముడైంది. రంగేసిన నూలుకు ఉదయం ఎండలో ఒకటి, ట్యూబ్‌లైటు కింద ఒకటి, తెల్ల కాగితం మీద పెట్టి ఒకటి ఫోటోలు తీసి, ఒక్కో మెసేజ్‌కు ఒకటి చొప్పున పంపింది. అటువైపు పగలైనప్పుడు ఇటు రాత్రి. ఒక్క రంగు ఒప్పుకోవడానికి ఎనిమిది రోజులు పట్టింది. పార్సిల్ మీద అతికించే కాగితంలో అమ్మాయి పేరు, ఇంటి చిరునామా అన్నీ ఉన్నాయి. ఆర్డరు పంపడానికి తప్ప వాటిని ఇంకెందుకూ వాడకూడదు. కొత్త డిజైను మగ్గమెక్కిందని ఒక కార్డు ముక్క రాసినా నిబంధన మీరినట్టే.

రాత్రి మగ్గం మీద గుడ్డ కప్పాక ఆమె పుస్తకం తీసింది. ఆర్డరు నెంబరు రాసింది. ఊరి గడిలో ఎడిసన్ అని, పక్కన చిన్నక్షరాల్లో "అత్తమ్మకు, ముదురు" అని రాసింది. ఆ తర్వాతి గడి వదిలేసి, కింద గీత గీసింది.