ముందు వైరు, తర్వాత గీజరు

గీజరు కొనబోతే షాపులో కుర్రాడు మొదట అడిగేది ‘ఎన్ని లీటర్లు సార్?’ అని. తర్వాత స్టార్లు, రంగు, ఆఫరు. ఎలక్ట్రీషియన్ మాత్రం ఇంట్లో అడుగు పెడుతూనే ‘బాత్రూముకు ఏ వైరు లాగారు?’ అంటాడు. పాత ఇళ్ళలో ఉండేవాళ్ళం ఈ రెండో ప్రశ్న సంగతి తేల్చుకున్నాకే షాపుకు వెళ్ళాలి.

హైదరాబాదులో మాది పాత కాలనీ. బోరు నీళ్ళే దిక్కు. గీజరు ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. తాను అరిగిపోతూ ట్యాంకుకు తుప్పు పట్టకుండా చూస్తుంది. బోరు నీళ్ళకు అది తొందరగా అరుగుతుంది. పూర్తిగా అరిగిపోయాక ట్యాంకు వంతు వస్తుంది. మా పాత గీజరుకూ అదే అయింది, కారడం మొదలైంది. ‘నాన్నా, ఈసారి 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు పెట్టించేద్దాం. స్విచ్ వేస్తే చాలు’ అన్నాడు మా అబ్బాయి.

ఏళ్ళుగా మా ఇంటి కరెంటు పనులు చూసే ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పాడు. బాత్రూముకూ వంటింటికీ కలిపి ఒకటే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ. 230 వోల్టుల దగ్గర 3 కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్లు లాగుతుంది. వంటింట్లో 2 కిలోవాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు 9 లాగుతుంది. రెండూ ఒకేసారి వేస్తే 22. కాసేపటికి ఎంసీబీ పడిపోతుంది.

‘పడిపోతే 32 ఆంపియర్లది వేయించుకో’ అనేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. వెనకటికి ఫ్యూజు పోతే నాలుగు పోగులు మెలేసి కట్టినవాళ్ళ వారసులు వీళ్ళు. ఎంసీబీ ఉన్నది గోడలో వైరును కాపాడటానికి. వైరు మార్చకుండా ఎంసీబీ పెంచితే కరెంటు పోదు నిజమే, కానీ గోడ లోపల వైరు కాగుతుంది, తొడుగు కరుగుతుంది, చివరికి అంటుకున్నా ఆశ్చర్యం లేదు.

అసలు వైద్యం వేరే ఉంది. మెయిన్ బోర్డు నుంచి గీజరు ఒక్కదానికే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, సొంత ఎంసీబీ, ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే డీపీ స్విచ్ పెట్టించడం. బిల్లు మీదుండే కాంట్రాక్టెడ్ లోడ్ చాలకపోతే పెంచమని దరఖాస్తు పెట్టడం. మా గోడలో పైపు నిండిపోయింది, ఇంకో వైరు దూరదు. టైల్స్ పగలగొట్టాల్సిందే. ఆ పని ఇల్లు బాగుచేయించే నాటికి వాయిదా వేశాం.

అప్పటిదాకా ఎలా? ఇక్కడే ఎలక్ట్రీషియన్ లెక్క నాకు నచ్చింది. నీళ్ళు ఎంత తొందరగా కాగుతాయన్నదే కిలోవాట్ల సంగతి. ఎన్ని నీళ్ళు కాగుతాయన్నది ట్యాంకు సంగతి. చలికాలం 20 డిగ్రీలుండే నీళ్ళు 25 లీటర్లను 60 డిగ్రీలకు తేవడానికి దాదాపు 1.16 యూనిట్లు పడుతుంది. 3 కిలోవాట్ల గీజరు ఆ పని 23 నిమిషాల్లో చేస్తే, 2 కిలోవాట్లది 35 నిమిషాల్లో చేస్తుంది. కాలే యూనిట్లు అవే. తేడా 12 నిమిషాలు. ఇన్‌స్టంట్ మహిమా అంతంతే. దాని చిన్న ట్యాంకులో నీళ్ళు అయిపోయాక, 3 కిలోవాట్ల మీద నిమిషానికి రెండు లీటర్ల పైచిలుకు మాత్రమే స్నానానికి పనికొచ్చే వేడితో వస్తాయి. 20 లీటర్ల బకెట్టు నిండాలంటే 9 నిమిషాలు.

అంటే వైరు సన్నదైతే కాయిల్ చిన్నది, ట్యాంకు పెద్దది తీసుకోవాలి. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం: 60 డిగ్రీల నీళ్ళు 25 లీటర్లకు 20 డిగ్రీల చన్నీళ్ళు మరో 25 కలిపితే, 40 డిగ్రీల నీళ్ళు 50 లీటర్లు. రెండున్నర బకెట్లు. కాకపోతే కాచి నిలవ ఉంచితే కొంత వేడి పోతుంది. బీఈఈ స్టార్లు చెప్పేది ఆ నష్టం ఎంతో. నిలవ పెట్టుకునేవాళ్ళు స్టార్లు చూసే కొనాలి.

డాబా తమదైనవాళ్ళకు సోలార్ ఉంది, ఎండ బాగుంటే వైరు గొడవే లేదు. గ్యాస్ గీజరుకు నేను ఒప్పుకోలేదు. గాలాడని బాత్రూములో అది కార్బన్ మోనాక్సైడ్ నింపితే వాసన కూడా తెలియదు.

చివరికి 25 లీటర్లు, 2 కిలోవాట్లది పెట్టించాం. ఎర్తింగ్ సరిచూసి, షాక్ నుంచి కాపాడే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా వేయించాం. గీజరు ఆపాకే స్టవ్ వెలిగించాలన్నది ఇంటి కట్టుబాటు. ఆ 12 నిమిషాల ఆలస్యానికి మా అబ్బాయి ఇంకా సణుగుతూనే ఉన్నాడు. వాడు లేచేది మాత్రం నీళ్ళు కాగిన గంట తర్వాతే.