యజమాని రాతల్లో బానిస బతుకు

1769 సెప్టెంబరులో ‘వర్జీనియా గెజెట్’లో ఒక ప్రకటన పడింది. సాండీ అనే బానిస పారిపోయాడు, పట్టిచ్చినవారికి బహుమానం. వయసు ముప్ఫై అయిదు దాకా ఉంటుంది. జోళ్లు కుడతాడు, ముతక వడ్రంగం వచ్చు, ఎడమచేతి వాటం, తాగుబోతు. పోతూ పోతూ ఒక తెల్ల గుర్రాన్నీ తన పనిముట్లనూ తీసుకుపోయాడు. ప్రకటన ఇచ్చినాయన థామస్ జెఫర్సన్. మనుషులంతా సమానమని ఏడేళ్ల తర్వాత అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసింది కూడా ఈయనే! సాండీ దొరికాడు. 1773లో అతన్ని నూరు పౌండ్లకు అమ్మేశారు.

వలస కాలపు అమెరికాలో బానిసల దినచర్యను వెతికేవారికి ఇలాంటి కాగితాలే దిక్కు. ‘తాగుబోతు’ అన్నది యజమాని అక్కసు కావచ్చు. ఎడమచేతి వాటం సంగతి అలా కాదు, అందులో అబద్ధమాడితే మనిషి దొరకడు. రాసినవాడికి ఏ నిజం అవసరమో చూసి దాన్ని పట్టుకోవడమే ఇక్కడి పనితనం.

వర్జీనియా రాజకీయ నాయకుడు పేటన్ రాండాల్ఫ్ చనిపోయాక 1776లో రాసిన ఆస్తి జాబితాలో, నాటి రాజధాని విలియమ్స్‌బర్గ్‌లోని ఇంటి సామాన్లతో పాటు 27 మంది మనుషులున్నారు. వారిలో ఈవ్‌కు, ఆమె కొడుకు జార్జ్‌కు కలిపి నూరు పౌండ్లు వెల కట్టారు. తండ్రి ఊసు లేదు. బిడ్డ తల్లి స్థితినే పొందుతుందని 1662లోనే వర్జీనియా చట్టం చేసింది కాబట్టి, లెక్కకు తండ్రితో పనిలేదు. తర్వాత రాండాల్ఫ్ భార్య తన వీలునామాలో, ఈవ్ ప్రవర్తన బాగోలేక ఆమెను అమ్మేయాల్సి వచ్చిందని చేర్పించింది. స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఈవ్ బ్రిటిషు సేన వైపు పారిపోయిన మనిషి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ‘ప్రవర్తన’ ఏమిటో తెలుస్తుంది.

కాగితం చెప్పని చోట పలుగూ పారా పనికొస్తాయి. వర్జీనియాలో బానిసల గుడిసెల కింద మట్టి నేలలో తవ్విన చిన్న గుంటలు చాలా బయటపడ్డాయి. వాటిలో ఎముకలు, పూసలు, బొత్తాలు, విరిగిన పింగాణీ దొరికాయి. చిలగడదుంపలు దాచడానికని కొందరంటారు, పూజాస్థలాలని మరికొందరు. నాకు నచ్చింది పురావస్తు పరిశోధకుడు ఫ్రేజర్ నీమన్ వాదన: ముక్కూమొహం తెలియని వారితో ఒకే కప్పు కింద ఉండాల్సి వచ్చినప్పుడు, ఎవరి గుంట వారికి పెట్టె లాంటిది. అయినవాళ్లతో కలిసి ఉండే వీలు పెరిగాక గుంటలు తగ్గాయి. కుటుంబం ఏర్పడిందన్న ఆనవాలు నేలలో, అదీ గుంటలు లేకపోవడంలో, కనిపించడం చిన్న సంగతి కాదు.

అమెరికా విప్లవం నాటికి విలియమ్స్‌బర్గ్ జనాభాలో దాదాపు సగం నల్లవారు. 1926 నుంచి కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ డబ్బుతో ఆ ఊరిని పాత రూపానికి తెచ్చారు గానీ, వారి కథ చెప్పడానికి నల్లజాతి వ్యాఖ్యాతలను 1979లో గానీ పెట్టలేదు. 1994లో అక్కడి నల్లజాతి చరిత్ర విభాగం అధిపతి క్రిస్టీ కోల్‌మన్ ఆధ్వర్యంలో బానిసల వేలాన్ని వీధిలో నటించి చూపితే పౌరహక్కుల సంఘాలు నిరసనకు దిగాయి. అది అర్థమయ్యే కోపమే. అయినా చూపడమే సరైనదని నా అభిప్రాయం. వేలం లేని వలస పట్టణం ఉత్త అలంకరణ.

వాషింగ్టన్ పరిసరాల్లోని తెలుగువారికి ఆ ఊరు కారులో కొన్ని గంటల దూరమే. వెళ్తే గవర్నర్ భవనం ఒక్కటే చూసి రాకండి. రాండాల్ఫ్ ఇంటి వంటగదికీ వెళ్లి, అక్కడ కథ చెప్పేవారిని “ఇది మీకెలా తెలిసింది?” అని అడగండి.