మాంద్యారంభము – కథారంభము : ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవలలో కారణచిత్రణము

మహామాంద్యము ఎన్నడు మొదలైనదని అడిగినచో చరిత్రగ్రంథములు 1929 అక్టోబరు మాసమును చూపును. ఆ నెల 24వ తేదీ గురువారమునను, 29వ తేదీ మంగళవారమునను న్యూయార్కు షేరుమార్కెట్టు కూలెను. సెప్టెంబరు 3వ తేదీన 381 వద్ద నున్న డౌ జోన్సు సూచి 1932 జూలై 8 నాటికి 41కి దిగెను. ఈ లెక్కలు సత్యములే. కాని ఓక్లహోమా రాష్ట్రమందలి కౌలుదారుని గుడిసెలోనికి మాంద్యము ఆ తేదీలలో ప్రవేశింపలేదు. అంతకు ముందే ప్రవేశించి అచ్చట కాపుర ముండెను. జాన్ స్టైన్‌బెక్ 1939లో ప్రకటించిన ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవల షేరుమార్కెట్టుతో గాక, దుమ్ము కప్పిన మొక్కజొన్నచేనితో ఆరంభమగుట కాకతాళీయము కాదు. మాంద్యము సామాన్యులను ఏమి చేసినదో ఈ నవల చూపినంతగా మరియొక గ్రంథము చూపలేదని సాధారణముగా విమర్శకు లందురు. అది నేనును అంగీకరింతును. ఐతే మాంద్యము ఎట్లు పుట్టినదో కూడ నవల చెప్పినదా, చెప్పినచో ఎంతవరకు చెప్పినది అను ప్రశ్నను ప్రత్యేకముగ విచారింపవలసి యున్నది. కారణము తెలియని దుఃఖమును చిత్రించుట ఒక కళ. దుఃఖమును దాని కారణముతో కూడ చిత్రించుట వేరొక కళ. స్టైన్‌బెక్ రెండవదానికి పూనుకొనినవాడు. కావున రెండవదాని కొలతతోనే ఆతనిని కొలువవలెను.

ముందుగా విషయమును కొంత తెలిసికొందము. మొదటి ప్రపంచయుద్ధకాలమున ధాన్యమునకు, ప్రత్తికి ధర లెక్కుటచే అమెరికా రైతులు అప్పులు చేసి భూములు కొనిరి. 1920-21లో ధరలు పడిపోయెను. అప్పులు మాత్రము పడిపోలేదు. పట్టణములు సంపదతో తులతూగిన ఆ దశాబ్దమంతయు పల్లెలలో అరకొర కాలమే. 1929లో పౌండు 17 సెంట్లకు సమీపమున నున్న ప్రత్తిధర రెండేండ్లలో 6 సెంట్లకు దిగెను. అనగా నూరు డాలర్ల అప్పు తీర్చుటకు మునుపు ఎంత ప్రత్తి పండింపవలసి యుండెనో ఇప్పుడు దాదాపు దానికి మూడింతలు పండింపవలసి వచ్చెను. అందరును పండించినచో ధర మరింత తగ్గును. అప్పు తీర్చుటకు అందరును ఒక్కసారిగా ఆస్తు లమ్మబోయినచో ఆస్తుల వెల తగ్గి, మిగిలిన అప్పు మునుపటి కంటె బరు వగునని ఇర్వింగ్ ఫిషర్ 1933లోనే వివరించెను. బాకీలు రాక పల్లెబ్యాంకులు మూతబడెను. 1930 మొదలు 1933 వరకు మూతబడిన బ్యాంకులు తొమ్మిదివేలకు పైబడినవి. వానితో పాటు వానిలో దాచుకొనిన వారి సొమ్మును చిక్కువడెను. చెలామణిలోని ద్రవ్యము మూడవవంతు హరించినదనియు, కేంద్రబ్యాంకు దానిని ఆపజాలక పోవుటయే మాంద్యము ఇంత తీవ్రమగుటకు హేతువనియు ఫ్రీడ్‌మన్, ష్వార్ట్జ్ అను పండితులు 1963లో ప్రతిపాదించిరి. 1933 నాటికి పనిచేయగలవారిలో నలుగురి కొకరు పనిలేక యుండిరి. షేరుమార్కెట్టు పతనము ఈ గొలుసులో ఒక కడియము మాత్రమే; గొలుసునకు మొదలు అప్పుపత్రము.

ఈ సంగతి స్టైన్‌బెక్ ఎఱుగును. ఐదవ ప్రకరణమున భూస్వాముల ప్రతినిధులు కార్లలో కూర్చుండియే కౌలుదారులతో మాటలాడుదురు. భూమిని వదలి పొండని వారి తాత్పర్యము. కౌలుదారు తన తాత ఆ భూమిని ఆక్రమించిన తీరును, తండ్రి అచ్చటనే పుట్టి, చెడ్డయేట కొంచెము అప్పు చేసిన సంగతిని చెప్పుకొనును. ఆ అప్పుతో భూమి బ్యాంకుది యయ్యెను. కుటుంబము మాత్రము పంటలో పాలు పుచ్చుకొని అచ్చటనే యుండెను. మూడు తరముల చరిత్ర మూడు నాలుగు వాక్యములలో ముగియును. నా యభిప్రాయమున మాంద్యారంభమునకు సంబంధించి నవలలో అత్యంత విలువైనవి ఈ వాక్యములే. విచారించినచో రచయిత ఇచ్చట మరికొంత సేపు నిలువవలసినది. ఆ కొంచెపు అప్పు ఎంత, వడ్డీ యెంత, ఏ యేడు ప్రత్తి ఏ ధరకు పోయినది – ఈ వివరములు పాఠకునికి దొరకవు. పాత కార్ల వ్యాపారి లెక్కలను సెంట్లతో సహా వ్రాసినవాడు రైతు ఋణమును లెక్కలోనికి తీసికొనలేదు.

దానికి బదులు ఆతడొక ప్రతీకను కల్పించెను. బ్యాంకు ఒక భూతము. అది గాలి పీల్చదు, లాభము పీల్చును. లాభము లేనిచో చచ్చును. దానిని మనుష్యులే చేసిరి గాని, దానిని అదుపు చేయ మనుష్యులకు శక్తి లేదు. ట్రాక్టరు తోలుటకు వచ్చినవాడు పొరుగింటి వాని కుమారుడే. రోజునకు మూడు డాలర్ల కూలికై ఆతడు తోటివారి యిండ్లను పడద్రోయును. నేనెవరిని కాల్చవలెనని కౌలుదారు అడుగును. తోలువాడు బ్యాంకు అధ్యక్షుని పేరు చెప్పును. ఆతనికి ఆజ్ఞలు తూర్పుదేశము నుండి వచ్చుననియు చెప్పును. ఆ తుపాకికి గురి దొరకదు. ముఖములేని శత్రువును ముఖములేనివానిగనే చూపిన ఈ సన్నివేశము బలము నెవ్వరును కాదనజాలరు. కాని భూతమనునది ప్రతీకగా ఎంత శక్తిమంతమో వివరణముగా అంత లోపభూయిష్ఠము. భూతమునకు ఆకలి స్వభావము. స్వభావమునకు కారణ మడుగ బనిలేదు. బ్యాంకునకు లాభము అత్యవసరమైన దెందువలన? దాని వెనుక సొమ్ము దాచుకొనిన సామాన్యులున్నారు. వారు భయపడి ఒక్కసారిగా వచ్చి అడిగినచో అది నిలువదు. ఆ సామాన్యులలో కొందరు జోడ్ కుటుంబమువంటి వారే. భూతము లోపల మనుష్యు లున్నారని గ్రహింపని పాఠకుడు మాంద్యమును కరవువలె, తుపానువలె భావించు ప్రమాద మున్నది. ఆశ్చర్యమేమనగా, మనుష్యులు చేసినదానిని మనుష్యులు మార్పవచ్చునని వాదించుటయే ఈ నవల ఉద్దేశము.

ఇంకొక లోపము ఇంతకంటె ముఖ్యమైనది. 1933లో రూజ్వెల్టు ప్రభుత్వము ధరలు పెంచుటకై వ్యవసాయ సవరణచట్టమును తెచ్చెను. ప్రత్తి సాగు తగ్గించినవారికి ప్రభుత్వము సొమ్మిచ్చెను. ఆ యేడు మొలచిన ప్రత్తిని సుమారు కోటి ఎకరములలో దున్నివేసిరి. సొమ్ము చేరినది భూయజమానులకు. సాగు తగ్గినందున కౌలుదారులతో పని తగ్గెను. చేతికి వచ్చిన సొమ్ముతో ట్రాక్టరు కొనుట సులభమయ్యెను. దక్షిణరాష్ట్రములలో అనేక కౌలుకుటుంబములు వీధిన బడుటకు ఈ చట్టమును ఒక హేతువని పరిశోధకులు స్థాపించిరి. సుప్రీముకోర్టు 1936 జనవరిలో ఈ చట్టమును కొట్టివేసెను. అప్పటికే వెడలిన కుటుంబములు తిరిగి రాలేదు. ఈ ప్రసక్తి నవలలో ప్రధానకారణముగ కనబడదు. కాలిఫోర్నియాలో అదే ప్రభుత్వము నడపిన వీడ్‌ప్యాచ్ శిబిరమునకు మాత్రము రచయిత మిక్కిలి అభిమానముతో చోటిచ్చెను. శిబిరాధికారియైన టామ్ కాలిన్స్‌కు గ్రంథము అంకితము కూడ. ఒక చేతితో వెడలగొట్టి మరియొక చేతితో ఆశ్రయమిచ్చిన ప్రభుత్వము నవలకు ఎంతో యోగ్యమైన వస్తువు. రచయిత ఒక చేతినే చూపెను.

జోడ్ కుటుంబపు గ్రామమైన సాలిసా ఓక్లహోమాకు తూర్పున నున్నది. దుమ్ముతుపానులు మిక్కిలిగ వీచినది ఆ రాష్ట్రపు పశ్చిమపు కొసన. ఈ భౌగోళికదోషమును పలువురు ఎత్తిచూపిరి. నాకు దానిపై పెద్ద పట్టింపు లేదు. దుమ్ము లేకున్నను అప్పు వారిని వెడలగొట్టి యుండెడిది. దుమ్ము నిజముగ వీచిన నేలను చదువగోరువారు సనోరా బాబ్ అను రచయిత్రి నవల ‘హూజ్ నేమ్స్ ఆర్ అన్‌నోన్’ చూడవలెను. ఆమె టామ్ కాలిన్స్ క్రింద శిబిరములలో పనిచేసినది. స్టైన్‌బెక్ గ్రంథము ముందుగా వెలువడి ప్రసిద్ధి నొందుటచే ప్రకాశకులు ఆమె నవలను విరమించుకొనిరి. అది 2004లో గాని అచ్చుకాలేదు.

ఇక ఫలచిత్రణము. ఇచ్చట స్టైన్‌బెక్ అసమానుడు. మాంద్యమనగా పేదవాడు అమ్మునప్పుడు ధర తక్కువగను, కొనునప్పుడు ఎక్కువగను ఉండుట. ఈ సూత్రమును ఆతడు ఎచ్చటను చెప్పలేదు, మాటిమాటికి చూపినాడు. ఊరు విడుచుచు జోడ్ కుటుంబము గుఱ్ఱములను, బండిని, పనిముట్లను అమ్మగా వచ్చినది 18 డాలర్లు. అందరును ఒకేసారి అమ్ముచున్నారు. కొనువానికి ఆ సంగతి తెలియును. ఆ రాత్రి తల్లి తన పెట్టెలోని ఉత్తరములను, చిత్రములను చూచి, కొన్ని చిన్న నగలను తీసి యుంచుకొని, తక్కిన దానిని పొయ్యిలో వేయును. అమ్ముడుపోని వస్తువులకు గూడ ఒక లెక్క యున్నదని ఈ ఘట్టము వలన తెలియును.

పదునాఱవ ప్రకరణమందలి కరపత్రముల సంగతి అర్థశాస్త్రోపన్యాసములలో చెప్పదగినది. కాలిఫోర్నియా నుండి తిరిగి వచ్చుచున్న ఒక చిరుగుబట్టల మనుష్యుడు జోడ్ కుటుంబమునకు ఇట్లు బోధించును : యజమానికి కావలసినది 800 మంది, ఆతడు అచ్చువేయించునది 5000 కరపత్రములు, వానిని చదువువారు 20,000 మంది. వారిలో రెండు మూడు వేలమంది బయలుదేరినను చాలును. కూలి తనంతట తానే దిగును. ఆతని పిల్లలు ఆకలిచే మరణించిరి. వైద్యాధికారి మరణకారణముగ గుండెజబ్బు వ్రాసెను. పిదప హూపరు తోటలో జోడ్ కుటుంబము పెట్టె ఒక్కింటికి 5 సెంట్ల చొప్పున పండ్లు కోయును. అది సమ్మె విఱుచుటకు ఇచ్చు కూలి యని వారికి మొదట తెలియదు. సమ్మె ముగిసిన వెంటనే అది రెండున్నర సెంట్లకు దిగును. ఆ సాయంకాలము తల్లి తోటయజమాని అంగడికి ఒక డాలరు చీటితో పోవును. ధరలు పట్టణముకంటె హెచ్చు. చక్కెరకు చీటి చాలదు. అంగడి గుమాస్తా తన జేబులోని పది సెంట్లు పెట్టి ఇచ్చును. ఆ గుమాస్తా మొదట పరిహాసముగ మాటలాడినవాడే. తానును కూలివాడనని ఆ పది సెంట్ల వలన ఒప్పుకొనినట్లయినది. పదునైదవ ప్రకరణమున హోటలు పరిచారిక మే, ఐదేసి సెంట్ల మిఠాయిలను పసివారికి సెంటునకు రెండని అమ్ముట ఇటువంటిదే. విమర్శకులు కొందరు ఈ ఘట్టములను భావుకతగా త్రోసివేసిరి. ధరలు మనుష్యులను శాసించు నవలలో ఒకరు ధరను గూర్చి అబద్ధమాడుట చిన్న సంఘటన కాదు.

ముప్పది ప్రకరణములలో కథ నడచునవి కొన్ని, దేశస్థితిని వర్ణించునవి కొన్ని. రెండవ తెగ ప్రకరణములు వ్యాసములే గాని నవల కాదను ఆక్షేపణ కలదు. ఒక కుటుంబము కండ్లతో మాత్రమే చూచినచో మాంద్యము కనబడదు. తమ దురదృష్టము మాత్రము కనబడును. అదే దురదృష్టము లక్షలమందికి ఒక్కమారు కలిగినదని చెప్పుటకు రచయితకు వేరు గళము కావలసెను. కావున ఈ నిర్మాణము సమర్థనీయమే. ఆ గళము ప్రవక్త కంఠమును అనుకరించినప్పుడు మాత్రము విసుగు పుట్టించును. నారింజలపై కిరసనాయిలు చల్లు ఇరువదియైదవ ప్రకరణమున విషయమే తగినంత భయంకరము. దానికి కేకలు అక్కఱలేదు.

మన దేశమునకు వచ్చినచో, ఇదే మాంద్యము కృష్ణా గోదావరీ మండలములను 1930లో తాకెను. నాలుగేండ్లలో బియ్యపు ధర సుమారు సగమునకు పడిపోయెను. శిస్తు రొక్కముగా చెల్లింపవలసినది, అది తగ్గలేదు. పైగా రీసెటిల్మెంటు పేర హెచ్చింపబోగా రైతులు ఆందోళన సాగించిరి. రంగూను రేవులో పనిచేయు తెలుగుకూలీలకును, బర్మీయులకును 1930 మే మాసమున ఘోరమైన కొట్లాటలు జరిగెను; పని తక్కువై మనుష్యు లెక్కువైన చోట కరపత్రము లేకయే అదే తంతు. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు స్వర్ణప్రమాణమును వదలిన పిదప మన దేశమునుండి బంగారము ఓడలలో వెడలెను. అందులో ఎక్కువభాగము ఇండ్లలోని నగలు. జోడ్ తల్లి దాచుకొనిన చెవికమ్మల వంటివి మన తల్లులు దాచుకొనలేకపోయిరి.

ఐనను ఈ మాంద్యము తెలుగునవలకు నేరుగా వస్తువు కాలేదు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతములలో ఆ దశాబ్దపు ఆకలి వినబడును. అవి 1950లో సంపుటముగా వచ్చెను. కాని అది పట్టణపు ఆకలి, కారణమును వెదకు ఆకలి కాదు. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ ఆ కాలపు మధ్యతరగతిని విద్య వైపునుండి చూచినది. ధాన్యపుధర పడి భూమి చేతులుమారిన కథను వ్రాయువారు తక్కువగుటకు ఒక హేతువు తోచుచున్నది. మనకు అప్పిచ్చినవాడు భూతము కాదు; పొరుగూరి సావుకారో, పైవీధి మోతుబరియో, ఒక్కొక్కప్పుడు వియ్యంకుడో. ఆతనికి ముఖమున్నది, కోప మంతయు ఆ ముఖము మీద ఆగిపోవును. దాని వెనుక పడిన ధరకు ముఖము లేదు. స్టైన్‌బెక్ కథలో గురి దొరకని తుపాకికి మన కథలో గురి మిక్కిలి సులభముగ దొరకినది. అందువలననే లోభిసావుకారు పాత్రలు మనకు పెక్కు, ధాన్యపుధర పాత్రయైన కథలు అరుదు.

1938 నాటి మదరాసు వ్యవసాయకుల ఋణవిమోచన చట్టము 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీని రద్దుచేసెను. ఆ లోపల వ్రాసిన తాకట్టు దస్తావేజులు, క్రయపత్రములు రిజిస్ట్రారు కచేరీలలో కలవు. ఆ కాలపు కథాసాహిత్యముపై పరిశోధన చేయు విద్యార్థులు నవలలతో పాటు ఒక ఫిర్కా దస్తావేజులనైనను చదువుట మేలు. వానిలోని వెలలు, వడ్డీలు, సాక్షుల పేర్లు మనకింకను వ్రాయబడని ఆ ఐదవ ప్రకరణమునకు సామగ్రి.